కరెంటు మీటరు: యూనిటు లెక్క, రూపాయి లెక్క

రెండు నెలలకొకసారి మన యిండ్లలో ఒకే వాదము పుట్టుచుండును. కరెంటు బిల్లు తెలిసిన దినమున తండ్రి "ఈ మీటరు పరుగెత్తుచున్నది" అనును. తల్లి క్రొత్తగా కొన్న ఫ్రిజ్జును అనుమానించును. అవ్వ టెలివిజనును నిందించును. ఫ్యాను ఆర్పక బడికి పోయిన పిల్లవానిని అందరును నిందింతురు. మీటరు మాత్రము వాకిటి గోడమీద ఏమియు ననక తన యంకెలను చూపుచుండును.

ఆ గోడమీదికి స్మార్ట్ మీటరు అను క్రొత్త యంత్రము వచ్చు కాలము సమీపించినది. చెన్నపట్టణమున త్యాగరాయనగరములో లక్షకు పైగా ఇండ్లకును అంగళ్లకును దీనిని ముందే అమర్చిరి. (మన తెలుగువారైన పిట్టి త్యాగరాయశెట్టిగారి పేర వెలసిన పేట యది.) రాష్ట్రమంతట అమర్చుటకై పిలిచిన టెండరు, ధర హెచ్చుగా నున్నదన్న కారణమున 2024 డిసెంబరులో రద్దయినది. కాని దేశమందలి 25 కోట్ల మీటర్లను మార్చవలెనని కేంద్ర ప్రభుత్వము 2021లో పథకము తలపెట్టియుండుటచే, నేడు కాకున్న రేపైనను అది మన రాజపాళయపు వీధులకును రాక తప్పదు. ఇది మనిషి సహాయము లేకయే తన యంకెలను దూరముననున్న కార్యాలయమునకు తానే పంపుకొనును. ఏ యర్ధగంటలో ఎంత కరెంటు వాడితిమో, ఎంత ఖర్చయినదో సెల్‌ఫోనులో చూచుకొనవచ్చునని చెప్పుచున్నారు.

"ఆ యంకెలను నమ్మవచ్చునా?" అని తల్లిదండ్రులు కొందరు అడుగుచున్నారు. నమ్మవచ్చునని యొకరును, అంతయు మోసమని మరొకరును బదులిచ్చుచున్నారు. నా యభిప్రాయమున ఈ యిరువురును గమనింపని సంగతి యొకటి కలదు. అది ఒక ప్రశ్న కాదు, రెండు. మీటరు యూనిట్లను సరిగా కొలిచినదా యనునది ఒకటి. ఆ యూనిట్లకు వేసిన రూపాయలు న్యాయమైనవా యనునది వేరొకటి. మొదటిదానికి మీటరు బాధ్యత వహించును. రెండవదానితో దానికి సంబంధము మిక్కిలి స్వల్పము. మన యిండ్లలోని వాదములు చాలవరకు రెండవ ప్రశ్నకు చెందినవి. నింద మాత్రము మొదటిదాని మీద పడుచున్నది.

ముందు యూనిటు సంగతి చూతము. వేయి వాట్ల పరికరము ఒక గంటసేపు పనిచేసినచో ఖర్చగు విద్యుత్తు ఒక యూనిటు. పది వాట్ల దీపము నూరు గంటలు వెలిగినను అంతే. దీనిని మన విద్యార్థులు పాఠములో చదివియే యున్నారు. యంత్రము దానిని ఎట్లు కొలుచునో మాత్రము ఎరిగినవారు కొలదిమంది.

తామ్రపర్ణి నదిమీద పాపనాశనము జలవిద్యుత్ కేంద్రము పనిచేయ నారంభించినది 1944లో. ఆ కాలమునుండి మొన్నమొన్నటివరకు ఇండ్లలో నుండినది బిళ్ల మీటరు. అద్దము వెనుక పలుచని అల్యూమినియపు బిళ్ల యొకటి తిరుగుచుండెడిది. దాని పైనను క్రిందను రెండు తీగచుట్టలు. వాటిలో ఒకటి వోల్టేజికిని, రెండవది కరెంటుకును తగినట్లు అయస్కాంత బలమును పుట్టించును. ఆ రెంటి నడుమ బిళ్ల తిరుగును. ఎంత విద్యుత్తు పోవుచున్నదో అంత వేగము. బిళ్ల తిరిగిన చుట్లను పండ్లచక్రములు లెక్కపెట్టును. ఇది చక్కని యంత్రము. నూరేండ్లు లోకమునకు సేవచేసినది. కాని కాలము గడచినకొలది ఇరుసు అరిగి, దుమ్ము చేరి, బిళ్ల మందగించును. రాత్రివేళ సన్నని దీపమొక్కటే వెలుగుచున్నపుడు కొన్ని పాత మీటర్లలో అది కదలనే కదలదు. మీటరు మందగించినచో లాభము మనది, నష్టము బోర్డుది. కావున దానిని గూర్చి ఫిర్యాదు చేసిన గృహస్థుని నే నెరుగను. మీటరు మార్చిన పిదప బిల్లు పెరిగినదన్న మాట కొన్ని యిండ్లలో నిజమే. అచ్చట పెరిగినది వాడకము కాదు, క్రొత్త మీటరు అబద్ధమాడుటయు కాదు. పాతది తక్కువ చెప్పుచుండెను.

నేటి ఎలక్ట్రానిక్ మీటరులో తిరుగునది ఏదియు లేదు. అది వోల్టేజిని, కరెంటును సెకనుకు వేలసార్లు కొలిచి, ఆయా క్షణపు రెండంకెలను గుణించి, ఆ లబ్ధములను కూడుచు పోవును. స్మార్ట్ మీటరులోని కొలత భాగము కూడ ఇట్టిదియే. అదనముగా నున్నవి వార్త పంపు భాగమును, దూరమునుండి కరెంటు ఆపగల స్విచ్చియును. కావున ఎలక్ట్రానిక్ మీటరును నమ్మి స్మార్ట్ మీటరును శంకించుటకు కొలత విషయమున హేతువు కానరాదు. స్మార్ట్ మీటరునకు భారత ప్రమాణము ఐ.ఎస్. 16444. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థవారి 2006 నాటి నిబంధనలను బట్టి ఇంటి మీటరు మొదటి తరగతిది లేక అంతకు మేలైనది కావలెను. అనగా సాధారణముగా వాడునపుడు నూటికి ఒకటి కంటె ఎక్కువ తప్పరాదు. రెండు నెలలకు 480 యూనిట్లు వాడు నింట ఈ తేడా ఐదు యూనిట్లకు లోపే. యూనిటు ఆరు రూపాయల వంతున చూచినను ముప్పది రూపాయలు దాటదు.

మాటమీద నమ్మక పరీక్షించి చూడదలచినవారికి ఒక సులభమైన మార్గమున్నది. మీటరు ముఖమున చిన్న ఎఱ్ఱదీపమొకటి మినుకు మినుకుమనుచుండును. దాని ప్రక్కనే యూనిటుకు ఎన్ని మినుకులో అచ్చువేసి యుందురు. 3200 అని కొన్ని మీటర్లపై నుండును. ఇంటిలోని సమస్తమును ఆర్పి, వేయి వాట్ల నీళ్లు కాచు హీటరు కడ్డీ నొక్కదానిని మూడు నిమిషములు నడుపుడు. (కడ్డీ నీటిలో నున్నపుడు నీటిని తాకరాదని పిల్లలకు వేరుగ చెప్పనక్కరలేదు, పెద్దలు ప్రక్కన లేక ఈ పని చేయరాదు.) మూడు నిమిషములు గంటలో ఇరువదవ వంతు. కావున 3200లో ఇరువదవ వంతు, అనగా 160 మినుకులు రావలెను.

నూటముప్పది మాత్రమే వచ్చినవనుకొనుడు. వెంటనే మీటరు తప్పనరాదు. కడ్డీ మీద వ్రాసిన వేయి వాట్లు 230 వోల్టుల వద్ద నిజము. సాయంకాలము మన వీధిలో వోల్టేజి 210కి దిగినచో ఆ కడ్డీ సుమారు 834 వాట్లే తీసికొనును. ఏలయన వోల్టేజి తగ్గిన వర్గమును బట్టి శక్తి తగ్గును. అపుడు 133 మినుకులే న్యాయము. తొమ్మిదవ, పదవ తరగతుల విద్యార్థులు ఈ గుణకారమును తామే చేసి చూచుకొనవచ్చును. పలుమార్లు లెక్కించినను ఇట్టి కారణము లేకయే 160కి బదులు 200 వచ్చుచుండినచో, అపుడు శంకింపవలెను.

మీటరు సరిగానే యున్నను యూనిట్లు పెరుగుటకు మరియొక కారణము గోడలో దాగియుండును. కరెంటు ఫేజు తీగలో వచ్చి న్యూట్రల్ తీగలో మరలిపోవును. పాత బిళ్ల మీటరు ఫేజు తీగను మాత్రమే చూచెడిది. దొంగతనమును అరికట్టుటకై నేటి మీటరు రెండు తీగలను కొలిచి, దేనిలో ఎక్కువ కరెంటు పోవుచున్నదో దానినే లెక్కకు తీసికొనును. ఉమ్మడి ఇల్లు పంచుకొని నడుమ గోడ కట్టుకొన్న అన్నదమ్ముల యిండ్లలో, గోడలోపల రెండు వాటాల న్యూట్రల్ తీగలు ఒకదానితో నొకటి కలిసిపోయియుండుట కలదు. అపుడు పొరుగింటి కరెంటు మరలిపోవుచు మన మీటరులో నడుచును. పరీక్ష ఏమనగా: మన యింటి దీపములు, యంత్రములు అన్నిటిని ఆర్పిన పిదపను ఎఱ్ఱదీపము మినుకుమనుచున్నదా? ఎర్త్ అను గుర్తు గల దీపము వెలుగుచున్నదా? అట్లయినచో పిలువవలసినది వైరింగు తెలిసిన మేస్త్రీని. అన్నదమ్ముల నడుమ తగవు పెరుగకముందే పిలుచుట మేలు.

నిద్రపోని పరికరముల సంగతి పలువురెరిగినదే. టెలివిజను ఆర్పినను దాని ప్రక్కనున్న పెట్టె పది వాట్లు త్రాగుచునే యుండినచో, అరువది దినములకు 14 యూనిట్లు దాటును. గొప్ప మొత్తము కాకున్నను, ఇట్టి పదునాలుగు యూనిట్ల విలువ ఏ సమయమున ఎంత కాగలదో క్రింద చూడగలరు.

ఎలక్ట్రానిక్ మీటరు ఎన్నడును తప్పదని చెప్పుట కూడ సత్యము కాదు. నెదర్లాండ్స్ దేశమున ట్వెంటె విశ్వవిద్యాలయమువారు తొమ్మిది మీటర్లను పరీక్షించి 2016లో ఫలితములను ప్రకటించిరి. వెలుగు తగ్గించు డిమ్మరుతో కూడిన ఎల్.ఇ.డి. దీపములను, పొదుపు దీపములను వాటికి తగిలించినపుడు, అందులో ఐదు మీటర్లు ఉన్నదానికంటె ఎక్కువ చూపినవి. మిక్కిలి తప్పినది నూటికి 582 వంతులు అధికముగా చూపినది. కొన్ని తక్కువయు చూపినవి. కారణమేమన, అట్టి దీపములు కరెంటును సాఫీగా తీసికొనక, సూదిమొనల వలె త్రుంచి త్రుంచి లాగును. కరెంటు ఎంత త్వరగా మారుచున్నదో దానిని బట్టి కొలుచు కొన్ని రకముల మీటర్లు ఈ మొనలను చూచి మోసపోయినవి. ఇది ప్రయోగశాలలో కల్పించిన కఠిన పరిస్థితి. సామాన్యమైన ఇంటిలో నిత్యము జరుగునది కాదు. అయినను అంకెల తెరను చూచి అది వేదవాక్యమని తలంచువారు ఈ సంగతి తెలిసికొనవలెను.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున జరిగినది మనకు మరింత చేరువ. బేకర్స్‌ఫీల్డ్ అను ఉష్ణప్రదేశపు పట్టణములో 2009 వేసవిలో స్మార్ట్ మీటర్లు పెట్టిన వెంటనే బిల్లులు హఠాత్తుగా పెరిగెనని ప్రజలు గగ్గోలు చేసిరి. ఆ రాష్ట్ర నియంత్రణ సంఘము స్వతంత్ర పరీక్షకులను నియమించగా, 2010లో వారిచ్చిన నివేదిక ప్రకారము మీటర్లు సరిగానే కొలుచుచున్నవి. ఆ వేసవి యెండలు మెండు. అదే సమయమున ధరలు పెరిగినవి. ఎక్కువ వాడినకొలది యూనిటు ధర మెట్లుమెట్లుగా ఎక్కు పద్ధతి అచ్చట నుండెను. ప్రజలడిగిన ప్రశ్నలకు కంపెనీ సరిగా బదులీయలేదు. కథ అంతటితో ముగియలేదు. మరుసటి యేడు, 2011లో, సుమారు 1600 మీటర్లు అధిక ఉష్ణమున వేగముగా నడచుచున్నవని ఆ కంపెనీయే ఒప్పుకొని, వాటిని మార్చి, సొమ్ము తిరిగి ఇచ్చినది. ప్రజలు మీటరు తప్పన్నపుడు చాలవరకు అది మీటరు తప్పు కాదు, కొన్నియెడల అగును. రెంటిని విడదీయుటకు పరీక్షయే మార్గము గాని కోపము కాదు.

ఇక రూపాయి లెక్కకు వత్తము. ఈ లెక్కలోనే అసలు చిక్కున్నది.

మన రాష్ట్రమున ఇంటి కరెంటునకు రెండు నెలలకొక లెక్క. మొదటి నూరు యూనిట్లు ఉచితమగుట 2016 నుండి. 2022 సెప్టెంబరు 10న అమలునకు వచ్చిన ధరలను ఉదాహరణముగా గైకొందము. ఆ పిదప ధరలు మారినవి, కాని పద్ధతిని గ్రహించుటకు ఇవి చాలును. మీ బిల్లులోని నేటి ధరలను వేసి మీరే గుణించుకొనవచ్చును. మొత్తము 500 యూనిట్లకు మించనివారికి మొదటి 100 ఉచితము, 101 నుండి 200 వరకు యూనిటు రూ. 2.25, 201 నుండి 400 వరకు రూ. 4.50, 401 నుండి 500 వరకు రూ. 6. ఒక్క యూనిటు మించినను లెక్క మారును: మొదటి 100 ఉచితమే యైనను, 101 నుండి 400 వరకు అన్నియు రూ. 4.50, తరువాతి నూరు రూ. 6, ఆ పైన 600 వరకు రూ. 8. ఇంకను పైకి పోయినకొలది ధర ఇంకను పెరుగును.

ఇపుడు గుణింపుడు. సరిగా 500 యూనిట్లకు 225, 900, 600 కలిపి రూ. 1725. 501 యూనిట్లకు 1350, 600, 8 కలిపి రూ. 1958. ఆ ఒక్క యూనిటు ఖరీదు 233 రూపాయలు! మీటరు నూటికి ఒకటి తప్పుటవలన కలుగు నష్టము ముప్పది రూపాయలైతే, గీత దాటుటవలన కలుగు నష్టము దానికి దాదాపు ఎనిమిది రెట్లు. టెలివిజను ప్రక్కనున్న పెట్టె త్రాగిన పదునాలుగు యూనిట్లు ఆ గీతను దాటించినవైతే, ఆ పెట్టెను తేలికగా చూడరాదు.

గీత దాటుట మన వాడకమును బట్టియే జరుగదు. లెక్క తీయుటకు వచ్చు ఉద్యోగి ఏ దినమున వచ్చెనన్నది కూడ ముఖ్యము. దినమునకు 8 యూనిట్లు వాడు కుటుంబమును తీసికొందము. సరిగా 60 దినములకు లెక్క తీసినచో 480 యూనిట్లు, రూ. 1605. రెండు పర్యాయములకు రూ. 3210. ఆ ఉద్యోగి ఒక పర్యాయము 66 దినములకు వచ్చి, మరుసటి పర్యాయము 54 దినములకే వచ్చెననుకొనుడు. మొదటిది 528 యూనిట్లు, రూ. 2174. రెండవది 432 యూనిట్లు, రూ. 1317. మొత్తము రూ. 3491. రెండు విధములను నాలుగు నెలల వాడకము 960 యూనిట్లే. మీటరు ఒక్క యూనిటైనను తప్పలేదు. బిల్లు మాత్రము 281 రూపాయలు పెరిగినది. ఇట్టి కుటుంబమున తండ్రి మీటరును తిట్టుట సహజమే గాని, తిట్టవలసినది తేదీని.

2020లో ఈ తేదీల చిక్కే రాష్ట్రమంతటిని కలచినది. కరోనా నిర్బంధ కాలమున ఇంటింటికి పోయి లెక్క తీయుట సాధ్యము కాక, వెనుకటి బిల్లు మొత్తమునే మరల కట్టుడనిరి. పిదప లెక్క తీయగా నాలుగు నెలల యూనిట్లు ఒక్కసారిగా తేలినవి. బోర్డువారు ఆ మొత్తమును రెండు సమభాగములు చేసి, ఒక్కొక్క భాగమునకు బిల్లు వేసి, ముందు కట్టిన రూపాయలను తీసివేసిరి. ముందు కట్టిన సొమ్మునకు సరియగు యూనిట్లను గదా తీసివేయవలసినదని కొందరు వాదించిరి. వ్యాజ్యము మద్రాసు ఉన్నత న్యాయస్థానమునకు పోయినది. 2020 జూలైలో న్యాయస్థానము దానిని కొట్టివేసినది. ఎవరి పక్షము న్యాయమైనను, అచ్చటి వాదము మీటరు అంకెను గూర్చి కాదు. ఆ యంకెను రూపాయలుగా మార్చు పద్ధతిని గూర్చి.

కావున లెక్క నెలనెలకు తీసినచో చిక్కు తీరునని చాలమంది నమ్మకము. నేను ఉపాధ్యాయ శిక్షణ పొందిన ఆంధ్రదేశమున బిల్లు నెలకొకసారియే వచ్చును. ఇక్కడికి వచ్చిన క్రొత్తలో ఈ రెండు నెలల పద్ధతి నాకు వింతగా తోచినది. ఆంధ్రదేశమున మరియొక చిక్కుండెడిది: వాడకమును బట్టి గృహస్థులను ఏ, బి, సి అను వర్గములుగా విభజించి వేరువేరు ధరలు వేసెడివారు. 2022 ఏప్రిల్ 1 నుండి ఆ వర్గములు రద్దయి అందరికిని ఒకే మెట్ల పద్ధతి వచ్చినది. నెలనెల లెక్క మేలే యని నేనును కొంతకాలము తలంచుచుంటిని. గుణించి చూచిన పిదప అంత నిశ్చయముగా చెప్పలేను. మే నెల యెండలలో 300 యూనిట్లు, కుర్తాళపు సారలుగాలి వీచు జూన్ నెలలో 180 యూనిట్లు వాడు నింటిని చూడుడు. రెండు నెలలు కలిపినచో 480. గీతకు లోపలనే, రూ. 1605. పై ధరలను మార్చక మెట్లను మాత్రము సగము సగము చేసి నెలనెలకు వేసినచో గీత 250 వద్ద పడును. మే నెలకు రూ. 1375, జూన్ నెలకు రూ. 472.50, మొత్తము రూ. 1847.50. ఇట్టి కుటుంబమునకు నెలలెక్కవలన నష్టమే. సంవత్సరమంతయు సమముగా వాడు నింటికి దానివలన నష్టము లేదు, పైగా తేదీల భయము తగ్గును. ఎవరికేది మేలో ఎవరి పాత కార్డు వారికి చెప్పును.

స్మార్ట్ మీటరు సెల్‌ఫోనులో చూపు ఖర్చు అంకెను ఇపుడు తూచవచ్చును. అది యూనిటు లెక్కను అర్ధగంట అర్ధగంటకు చూపును. ఈ వార్త మొబైలు తరంగములమీదనో రేడియో తరంగములమీదనో పోవును. నడుమ కొన్ని అర్ధగంటల వార్త ఆలస్యమగుట, తప్పిపోవుట కలదు. అపుడు దూరమునున్న కంప్యూటరు తప్పిన భాగమును అంచనాతో పూరించును. నిన్న సున్నయని చూపి నేడు రెట్టింపు చూపినచో బెదరనక్కరలేదు. మీటరు తెరమీద మొత్తము యూనిట్లు ఎప్పటికప్పుడు పేరుచుండును. వార్త తప్పినను ఆ మొత్తము తప్పదు. లెక్కకు ప్రమాణము ఆ మొత్తమే.

ఖర్చు అంకె అట్టిది కాదు. చల్లగాలి యంత్రము ఒక గంట నడిచి ఒక యూనిటు వాడినది; ఖర్చెంత? ఆ రెండు నెలల ఆరంభమున నైనచో సున్న. తరువాత రూ. 2.25. పిదప రూ. 4.50, రూ. 6. అదియే ఐదువందల ఒకటవ యూనిటైనచో రూ. 233. ఒక పరికరము ఖర్చునకు స్థిరమైన ధర లేదు. ఒకే ధర పెట్టి గుణించి చూపు ఏ యంత్రమైనను, అంగటిలో అమ్ము ప్లగ్గు మీటరైనను, మనవంటి మెట్ల పద్ధతిలో సరియైన యంకె చూపజాలదు. బ్రిటనులో స్మార్ట్ మీటరుతోపాటు ఇంటిలో బల్లమీద పెట్టుకొను చిన్న తెర నిత్తురు. ధర మారినపుడు ఆ తెరలోనికి క్రొత్త ధర చేరకపోయినచో తెర యొకటి, బిల్లు మరియొకటి చూపును. 2023 చివరకు అచ్చట సుమారు 40 లక్షల స్మార్ట్ మీటర్లు వార్త పంపు పనిని సరిగా చేయుటలేదని ఆ ప్రభుత్వపు లెక్కలే తెలిపినవి. వాటి కొలత చెడలేదు, మాట పెగలలేదు.

ముందు సొమ్ము కట్టించుకొను ప్రీపెయిడ్ పద్ధతి వచ్చినచో ఈ భేదము మరింత బరువెక్కును. నేడు బిల్లులో తప్పు దొరలినచో అర్జీ పెట్టి వాదింతుము. దీపము వెలుగుచునే యుండును. ప్రీపెయిడ్ మీటరులో దినదినము సొమ్ము తగ్గుచు పోవును. నిలువ తీరినచో దూరమునుండియే కరెంటు ఆగును. అర్ధరాత్రివేళ రోగి ప్రక్కనున్న యింటికి ఇది రూపాయల మాట మాత్రమే కాదు. అట్లే పగలు సూర్యశక్తి దొరకు వేళ చవుకగాను, సాయంకాలము ప్రియముగాను అమ్ము పద్ధతిని కేంద్ర ప్రభుత్వము 2023లో నిబంధనలలో చేర్చినది. స్మార్ట్ మీటరు లేక అది నడువదు. ఏ గంటలో వాడితిమన్న అంకె కూడ అపుడు సొమ్మగును. నేడు ఆ యంకె తప్పినను మనకు నష్టము లేదు, అపుడుండును. ఇంటి తెల్లకార్డులో చేతితో యంకె వ్రాయు ఉద్యోగి రాక తగ్గినకొలది, ఆ యంకెను చూచు కన్ను మన యింటిలోనే ఉండవలసి వచ్చును. సందేశము తమిళమునగాని ఆంగ్లమునగాని వచ్చును. మన బడి పిల్లలు ఆ రెంటిని చదువనేర్చినవారే. అవ్వతాతలకు తెలుగున విప్పి చెప్పు పని వారికే తగును.

చేయవలసినది పెద్ద పని కాదు. ఒక నోటుపుస్తకము పెట్టుకొని, వారమునకొకసారి, ఉదాహరణమునకు ఆదివారము ఉదయమున, మీటరు తెరమీది మొత్తము యూనిట్లను తేదీతో వ్రాయవలెను. తెర అంకెలు మారుచు తేదీ, వోల్టేజి మొదలగువానిని కూడ చూపును, కె.డబ్ల్యు.హెచ్. అను గుర్తు ప్రక్కనున్నదే మనకు కావలసినది. వెనుకటి లెక్క దినము నాటి అంకెను తీసివేసినచో ఇంతవరకు వాడినది తేలును. ఏబదియవ దినమునకు 430 దాటినచో గీతకు సమీపించుచున్నామని తెలియును. లెక్క తీసిన తేదీ అరువది దినములకు ఎంత ముందో, ఎంత వెనుకో అదియు వ్రాయవలెను. ఆలస్యమువలననే గీత దాటినదని అర్జీలో చూపుటకు ఆ తేదీలే ఆధారము.

ఇంత చేసినను మీటరు మీదనే సందేహము తీరనివారికి 2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలలో ఒక యంశమున్నది. మీటరు అంకె మా వాడకమునకు సరిపడుటలేదని ఫిర్యాదు చేసినచో, అది అందిన ఐదు దినములలోగా విద్యుత్ సంస్థవారు ప్రక్కన రెండవ మీటరు నొకదానిని అమర్చి, కనీసము మూడు నెలలు రెంటిని సరిపోల్చి చూడవలెను. అర్జీ వ్రాతమూలముగా నిచ్చి, తేదీ వేసిన రసీదు పుచ్చుకొనవలెను. మూడు నెలలును రెండు మీటర్ల యంకెలను ఒకే గంటలో, ప్రక్కప్రక్క గడులలో, అదే నోటుపుస్తకమున వ్రాయవలెను.